మీటర్‌లో 60 వచ్చింది, మరి ఫ్లోరైడ్ ఎంత?

పొద్దున ఆరున్నరకి ఆటోలో నలభై మంచినీళ్ళ క్యాన్లు ఎక్కించుకుని బయల్దేరతాను. ప్రకాశం జిల్లా దర్శి పక్కన మూడు ఊళ్ళు తిరిగి, ఎండ ముదిరేలోపు ప్లాంట్‌కి వచ్చేస్తాను. నాలుగేళ్ళుగా ఇదే పని. ఈ నాలుగేళ్ళలో గుమ్మాల దగ్గర నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: "అబ్బాయ్, మీ నీళ్ళ టీడీఎస్ ఎంత?" టీడీఎస్ అంటే లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయన్న లెక్క.

పోయిన ఎండాకాలం మా ఖాతా ఇళ్ళలో ఒక పిన్నమ్మకి ఆమె కొడుకు హైదరాబాద్ నుంచి టీడీఎస్ మీటర్ పంపాడు. పెన్ను అంత ఉంటుంది, కింద రెండు సన్నని పుల్లలు, పైన అంకెలు. నేను దించిన క్యాన్ మూత తీసి అందులో ముంచింది. 60. వాళ్ళ బోరు నీళ్ళలో ముంచితే 640. పక్కింటి బోరు నీళ్ళు చెంబుతో తెప్పించి ముంచితే 410. "చూశావా, మా బోరు కన్నా వాళ్ళదే నయం. ఇవాళ్టి నుంచి వంటకి వాళ్ళ నీళ్ళే తెచ్చుకుంటా" అంది.

నాకు గుండె ఆగినంత పనైంది. ఆ రెండు బోర్ల ల్యాబ్ కాగితాలు నేను చూశాను. పిన్నమ్మ బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.3 మిల్లీగ్రాములు. పక్కింటి బోరులో 2.8. మీటర్ ఏది మంచిదని చెప్పిందో అందులోనే ఫ్లోరైడ్ రెట్టింపు ఉంది. మీటర్ అబద్ధం చెప్పలేదు. ఫ్లోరైడ్ గురించి చెప్పడం దానికి చేతకాదు, అంతే. ఈ ముక్క ఆమెకి ఎలా చెప్పాలో ఆ పూట తెలియలేదు. చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా తెమ్మన్నాను.

రెండు గ్లాసుల్లో క్యాన్ నీళ్ళు పోశాం. ఒకదాంట్లో చెంచాడు చక్కెర వేసి కలిపి మీటర్ పెడితే 60 దగ్గరే నిలబడింది, ఒకటి అటూ ఇటూ. రెండోదాంట్లో రెండు వేళ్ళతో చిటికెడు ఉప్పు వేస్తే వెయ్యి దాటి పరుగెత్తింది. పిన్నమ్మ రెండు గ్లాసులూ మార్చి మార్చి చూసింది. "చెంచాడు చక్కెర కనపడలేదా దీనికి?" అంది.

కనపడదు. ఆ పుల్లల మధ్య మీటర్ కొంచెం కరెంటు పంపిస్తుంది. నీళ్ళలో ఉప్పులాంటి లవణాలుంటే కరెంటు బాగా పారుతుంది, లేకపోతే పారదు. ఎంత పారిందో చూసి, దాన్ని ఒక లెక్కతో గుణించి, కరిగిన లవణాలు ఇంత ఉండొచ్చని ఒకే అంకె చూపిస్తుంది. అందులో కాల్షియం ఎంత, సోడియం ఎంత, ఫ్లోరైడ్ ఎంత అని విడదీయలేదు. పురుగుమందు ఉన్నా, విరేచనాలు పట్టించే క్రిములున్నా దానికి పట్టదు. పక్కింటి బోరులో ఉన్న ఆ 2.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ని మొత్తం తీసేసినా మీటర్‌లో 410 కాస్తా 400 దగ్గరే ఆగుతుంది. మనిషి కీళ్ళని బిగదీసే పదార్థం, మీటర్‌కి మాత్రం లెక్కలోకి రానంత తేడా.

మా ప్రాంతంలో ఈ తేడా చిన్నది కాదు. 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో డాక్టర్లు మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు గురించి, మొదటిసారి వివరంగా రాసింది మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా రోగుల గురించే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టి, 1972లో ఆ పేరు పెట్టుకుంది. మనుషుల కన్నా ముందు రైతులు గమనించింది ఎద్దుల్నట. కాళ్ళు బిగుసుకుపోయి, నడవలేక, కాడి కింద కూలబడేవి. మా తాత కూడా తన చిన్నప్పటి సంగతిగా ఇదే చెప్పేవాడు, "బిగదీసుకుపోయిన ఎద్దు" అని. ఆ తర్వాత ఆయన నడుమూ అంతే అయింది. నులక మంచం మీద నుంచి లేవడానికి దూలానికి తాడు కట్టించుకున్నాడు. రెండు చేతులతో తాడు పట్టుకుని, మొద్దు లేచినట్టు ఒకేసారి లేచేవాడు. మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిరిగి చూసేవాడు. మేమంతా అది ముసలితనం అనుకున్నాం.

ఇంతకీ ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుందంటే, ఏ ఫ్యాక్టరీ నుంచో కాదు, మన కాళ్ళ కింద రాయిలోంచి. మన పడమటి మండలాల కింద ఉన్నది గ్రానైట్ జాతి గట్టి రాయి. ఆ రాళ్ళలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. భూమిలోకి దిగిన నీళ్ళు బండ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలబడి, రాయిలో ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా కరిగించుకుంటాయి. పగుళ్ళు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టే ఒకే వీధిలో రెండు బోర్లకి పోలిక ఉండదు. "మా ఊళ్ళో ఫ్లోరైడ్ లేదు" అనే మాటకి అందుకే అర్థం లేదు. ఏ బోరు, ఏ నెలలో పట్టిన నీళ్ళు అని అడగాలి.

ఇక్కడే ఇంకో చిక్కుముడి ఉంది, చాలామంది దీన్ని నమ్మరు. కాల్షియం ఎక్కువగా ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉండలేదు. కాల్షియంతో కలిసి గట్టిపడి కిందికి దిగిపోతుంది. కాల్షియం తక్కువై, సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన నీళ్ళలో మాత్రం హాయిగా కరిగి ఉంటుంది. ఆ నీళ్ళు నోటికి ఎలా ఉంటాయి? తేలిగ్గా, తియ్యగా ఉంటాయి. సబ్బు బాగా నురగ వస్తుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది. మన పెద్దవాళ్ళు మంచినీళ్ళకి పెట్టుకున్న పరీక్షలన్నీ పాసవుతాయి. మా తాత మెచ్చుకుని తాగిన బావి నీళ్ళు అలాంటివే. "పాలల్లే ఉంటాయిరా" అనేవాడు. ఉప్పుగా, గరుకుగా ఉన్న నీళ్ళన్నీ మంచివని నేను అనడం లేదు. నాలుకకి ఫ్లోరైడ్ తెలియదు, మీటర్‌కి తెలియదు అంటున్నాను.

మరి ఎంత ఉంటే పర్లేదు? మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట మాత్రం 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 1.5. ఆ 1.5 ఎంత చిన్నదంటే, పది లక్షల లీటర్ల నీళ్ళలో కిలోన్నర.

ఈ ప్రమాణం గురించి నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట ఒకటుంది. లీటరుకు ఇంత అని కాగితం మీద ఉంటుంది, కానీ ఒంట్లోకి పోయేది ఎన్ని లీటర్లు తాగామన్న లెక్క. ఫ్యాన్ కింద కూర్చుని పనిచేసే మనిషి రోజుకి రెండు లీటర్లు తాగుతాడనుకోండి. మే నెలలో స్లాబ్ పోసే మేస్త్రి, మిరప కోతకి పోయిన ఆడమనిషి, క్యాన్లు మోసే నేను ఆరు లీటర్లు కూడా తాగుతాం. నీళ్ళలో 2 ఉంటే అతని ఒంట్లోకి 4 మిల్లీగ్రాములు, మా ఒంట్లోకి 12. ఒకే బోరు, ఒకే నీళ్ళు, కాయకష్టం చేసేవాడికి మూడింతలు. మా వీధిలో ముందుగా నడుములు పట్టేసినవాళ్ళంతా కూలి పనికి పోయినవాళ్ళే ఎందుకయ్యారో ఈ లెక్క వేశాకే నాకు అర్థమైంది.

గార పళ్ళ సంగతి కూడా చాలామంది తప్పుగా అనుకుంటారు. పంటి మీద గోధుమరంగు చారలు పడేది పళ్ళు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగినవాళ్ళకే. పెద్దయ్యాక ఈ ఊరికి కోడలుగా వచ్చిన మనిషి పళ్ళు తెల్లగానే ఉంటాయి. అందుకని ఆమెకి ఫ్లోరైడ్ లేదనుకోకూడదు. ఆమెకి కీళ్ళలో, మెడలో, నడుములో తెలుస్తుంది. ఆరోగ్య కార్యకర్తలు మూడు చిన్న పనులు చేయించి చూస్తారు: మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు ముట్టుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టడం. చెయ్యలేకపోయినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని కాదు. ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చూసి డాక్టర్ చెప్పాలి. ఎముక వంగిపోయాక దాన్ని మళ్ళీ నిటారు చేసే మందు లేదు. మొదట్లోనే నీళ్ళు మార్చుకుంటే నొప్పులు తగ్గే అవకాశం బాగా ఉంది. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది. ఈ జబ్బు పరీక్షల గురించి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

సరే, మరి మా ప్లాంట్ నీళ్ళ సంగతి. ఆర్వో అంటే సన్నని పొరలోంచి నీళ్ళని ఒత్తిడితో తోయడం. నీళ్ళు అవతలికి పోతాయి, లవణాలు చాలావరకు ఇవతలే ఆగుతాయి, వాటితోపాటు ఫ్లోరైడ్ కూడా. పొర బాగుంటే పదింట తొమ్మిది వంతులకి పైగా ఆగిపోతుంది. టీడీఎస్ మీటర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ. లోపలికి పోయే నీళ్ళు 1500 ఉండి బయటికి వచ్చేవి 75 ఉంటే పొర పనిచేస్తున్నట్టు. అదే బయట 300 వస్తుంటే పొర పాడైందని తెలుసుకుని మార్చాలి. ఒకే మిషన్‌కి లోపలా బయటా పోల్చడానికి మీటర్‌ని మించింది లేదు. రెండు వేర్వేరు బోర్లని పోల్చడానికి మాత్రం వాడకూడదు.

కానీ క్యాన్‌లో వచ్చేవన్నీ పొర దాటి వచ్చిన నీళ్ళే అని ఎవరూ అనుకోవద్దు. ఉత్త ఆర్వో నీళ్ళు చప్పగా ఉన్నాయని జనం ఫిర్యాదు చేస్తారు. రుచి కోసం ఒక వాల్వ్ తిప్పి కొన్ని బోరు నీళ్ళు కలుపుతారు. నీళ్ళ వ్యాపారంలో దీన్ని మిక్సింగ్ అంటాం. బోరులో ఫ్లోరైడ్ 4, టీడీఎస్ 1500 ఉందనుకోండి. తొమ్మిది పాళ్ళ ఆర్వో నీళ్ళకి ఒక పాలు బోరు నీళ్ళు కలిపితే టీడీఎస్ 220 దగ్గర, ఫ్లోరైడ్ 0.6 దగ్గర ఉంటుంది. బాగానే ఉంది. ఏడు పాళ్ళకి మూడు పాళ్ళు కలిపితే టీడీఎస్ 500, ఫ్లోరైడ్ 1.4. టీడీఎస్ 500 అంటే ప్రమాణం ప్రకారం మంచి నీళ్ళే, మీటర్ పెట్టి చూసినవాళ్ళు తృప్తిగా తాగుతారు. ఫ్లోరైడ్ మాత్రం 1 దాటి కూర్చుంది. అందుకే మీ క్యాన్ అబ్బాయిని టీడీఎస్ అడిగాక ఇంకో మాట కూడా అడగండి: "మిక్సింగ్ ఉందా? బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత? కాగితం ఉందా?" నన్ను అడిగితే నేను చూపిస్తాను. అడిగేవాళ్ళు పెరిగితే కాగితం లేనివాళ్ళు కూడా తెచ్చుకుంటారు.

ఇంత చేసినా ఇళ్ళలో ఒక పొరపాటు జరుగుతోంది. తాగడానికి క్యాన్ నీళ్ళు, వంటకి బోరు నీళ్ళు. ఇరవై లీటర్లు పది రూపాయలు, రోజుకి రెండు క్యాన్లంటే నెలకి ఆరు వందలు, కూలి ఇంటికి అది భారమే, నాకు తెలుసు. అయినా లెక్క చూడండి. అరకిలో బియ్యానికి లీటరుంపావు నీళ్ళు పోసి, గంజి వార్చకుండా వండితే ఆ నీళ్ళన్నీ అన్నంలోనే ఉంటాయి. పక్కింటి బోరు నీళ్ళయితే మూడున్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అన్నంతో కలిసి కంచంలోకి వచ్చినట్టు. పప్పు, పులుసు, టీ దీనికి అదనం. టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఎక్కువ, నల్ల ఉప్పులో కూడా ఉంటుంది. కాచి చల్లార్చితే పోతుందని వాట్సాప్‌లో తిరిగే మాట పూర్తిగా తప్పు. కాస్తే క్రిములు చస్తాయి, నీళ్ళు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. రెండు క్యాన్లకి డబ్బు చాలకపోతే ముందు తాగడానికి, ఆ తర్వాత అన్నానికీ టీకీ క్యాన్ నీళ్ళు వాడండి. గిన్నెలు, బట్టలు బోరుతో కడుక్కోండి. పాలు, పెరుగు, రాగి సంకటి, మునగాకు, నువ్వులు తింటే వాటిలోని కాల్షియం పొట్టలోనే కొంత ఫ్లోరైడ్‌ని పట్టేసుకుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. ఆర్వో నీళ్ళలో కాల్షియం ఎలాగూ తక్కువే కాబట్టి తిండితో తెచ్చుకోవాల్సిందే.

మిషన్లు అమ్మేవాళ్ళు ఇంటికొచ్చి చేసే తమాషా ఒకటి చెప్పి ముందుకెళ్తాను. గ్లాసుడు బోరు నీళ్ళలో నాలుగు కడ్డీలున్న పరికరం పెట్టి స్విచ్ వేస్తారు. రెండు నిమిషాల్లో నీళ్ళు గోధుమరంగు తెట్టె కడతాయి. "ఇదే మీరు తాగుతున్న మురికి" అంటారు. మా అమ్మ హడలిపోయి పన్నెండు వేల మిషన్‌కి అడ్వాన్స్ ఇవ్వబోయింది. ఆ తెట్టె నీళ్ళలోది కాదు. కడ్డీల్లో ఇనుము ఉంటుంది. లవణాలున్న నీళ్ళలో కరెంటు పారి ఆ ఇనుమే కరిగి తుప్పులా తేలుతుంది. ఆర్వో నీళ్ళలో కరెంటు పెద్దగా పారదు కాబట్టి తేటగా ఉంటాయి. పైగా దాంట్లో కూడా ఫ్లోరైడ్ కనపడదు. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

అది కనపడాలంటే పరీక్ష చేయించాలి. ఫీల్డ్ కిట్‌లో ఒక గులాబీ రంగు మందు ఉంటుంది. నీళ్ళలో వేస్తే ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ రంగు వెలిసి పసుపు వైపు తిరుగుతుంది. పక్కన కార్డు మీదున్న రంగులతో పోల్చుకోవాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి ఈ కిట్లు వాడడం నేర్పాలని నియమం ఉంది. మీ ఊళ్ళో ఎవరికి నేర్పారో సచివాలయంలో అడగండి. అంకె కచ్చితంగా కావాలంటే గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌కి పంపాలి. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసా తీసుకుని అవే నీళ్ళతో మూడుసార్లు కడిగి, బోరు కాసేపు ఆడాక పట్టండి. సీసా మీద ఏ బోరు, ఏ తారీకు అని రాయండి. వానలకి ముందొకసారి, తర్వాతొకసారి చేయిస్తే ఇంకా మంచిది.

టీ కొట్టు దగ్గర ఈ మాట ఎత్తితే చర్చ వెంటనే రాజకీయంలోకి పోతుంది. పోవాల్సిందే, ఎందుకంటే అసలు మందు నది నీళ్ళే. మా దర్శి పక్కగా సాగర్ కుడి కాలువ నీళ్ళు పారతాయి. చీమకుర్తి దగ్గర రామతీర్థం రిజర్వాయర్‌లో నిలబెట్టి పడమటి ఊళ్ళకి పైపుల్లో పంపే నీళ్ళూ కృష్ణవే. నదిలో పారే నీళ్ళు రాయి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నానవు కాబట్టి వాటిలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు అయితే నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల గుండా శ్రీశైలం వెనక నీళ్ళని 43.5 టీఎంసీల దాకా తీసుకొచ్చి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాలకి ఇవ్వాలన్నది. సొరంగాలు 2024 మార్చిలో జాతికి అంకితమయ్యాయి. ఏ పార్టీ ఎంత తవ్విందని నా వయసు వాళ్ళు గంటలు గంటలు పోట్లాడుకుంటారు. నేను అడిగేది ఒక్కటే: సొరంగంలోంచి వచ్చే మొదటి నీళ్ళు పొలానికి కన్నా ముందు మంచినీళ్ళ ట్యాంకుకి పోవాలి.

కుళాయి గురించి కూడా ఇదే మాట. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లక్ష్యం ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకి 55 లీటర్లు. కుళాయి వచ్చిందని సంబరపడే ముందు ఆ పైపు రెండో కొస ఎక్కడుందో చూడాలి. అది కాలువ నీళ్ళ ట్యాంకులో ఉంటే మన అదృష్టం. ఊరి బయట బోరులో ఉంటే, ఇన్నాళ్ళూ బిందెతో మోసుకున్న ఫ్లోరైడ్ ఇప్పుడు మోయకుండానే ఇంట్లోకి వచ్చినట్టు. మా దారిలో రెండో ఊరికి కుళాయిలు వచ్చాక నా క్యాన్లు తగ్గాయి. ఆ నీళ్ళు బోరువని తెలిశాక ఐదారు ఇళ్ళవాళ్ళు మళ్ళీ పిలిచారు. వ్యాపారం పెరిగిందని సంతోషపడలేకపోయాను.

మా ప్లాంట్ వెనకాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. వెయ్యి లీటర్ల బోరు నీళ్ళు తోడితే మాకు ఐదు వందల లీటర్లు మంచివి వస్తాయి. మిగతా ఐదు వందల లీటర్లు వేస్ట్ పైపులోంచి బయటికి పోతాయి. వెయ్యి లీటర్లలోని ఫ్లోరైడ్ దాదాపు మొత్తం ఆ ఐదు వందల్లో ఉంటుంది, అంటే రెట్టింపు చిక్కన. బోరులో 4 ఉంటే అక్కడ 8. చూడ్డానికి తేటగా, చల్లగా ఉంటాయి. ఆ పైపు ఇన్నాళ్ళూ ప్లాంట్ వెనక గుంటలోకి వదిలి ఉంది. మధ్యాహ్నం ఎండకి మేత నుంచి తిరిగొచ్చే గేదెలు అక్కడే ఆగి తాగేవి. నేను నాలుగేళ్ళు చూస్తూనే ఉన్నాను. తాత చెప్పిన బిగుసుకుపోయిన ఎద్దు, ఈ గుంట, రెండూ నా బుర్రలో ఎప్పుడూ కలవలేదు. ఒక పాడి గేదె ముందు కాలు సరిగా ఆనించకుండా, ఆగి ఆగి నడవడం చూసిన రోజున కలిశాయి. దానికి కారణం ఈ నీళ్ళే అని నేను చెప్పలేను, పశువుల డాక్టర్ చెప్పాలి. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఓనరన్నకి చెబితే మొదట "పశువులకేమవుద్దిరా" అన్నాడు. ల్యాబ్ కాగితం తీసి 4 పక్కన 8 రాసి చూపించాను. మరుసటి వారం రెండు వందల అడుగుల పైపు కొన్నాడు. ఇప్పుడా నీళ్ళు పక్కన ఇటుకల బట్టీ తొట్టికి పోతున్నాయి, మట్టి కలపడానికి వాడుకుంటున్నారు. గుంట ఎండిపోయింది. గేదెలు ఇంకా ఆ దారినే వస్తాయి, గుంట దగ్గర ఒక నిమిషం నిలబడి మూతి పెట్టి చూసి పోతాయి. వాటి కోసం చెరువు వైపు గేటు తీసి పెట్టమని కాపరి పిల్లాడితో చెప్పాను.